ఒక గాటు ఎక్కువ

వామి గుంజ మీద ఒక గాటు ఎక్కువగా ఉంది.

ఉల్యా గొడ్డలిని మంచులో నిలబెట్టి, చేతొడుగు పళ్లతో లాగి, వేలితో తడిమి చూసింది. కాకిపాదం ఆమె ఇంటి గుర్తు. మూడు గాట్లు. వేసవిలో గడ్డి కోసి, ఆరబెట్టి, వామి వేసిన రోజున తనే చెక్కింది. ఆ మూడూ ఇప్పటికి నల్లబడ్డాయి. మడమ దగ్గర పడిన నాలుగోది తెల్లగా ఉంది. దాని కింద మంచు మీద చెక్కపేడు ఇంకా పడి ఉంది.

కాకిపాదం పెద్దింటిది. మడమ దగ్గర ఇంకో గాటు పెడితే అది చిన్నింటి గుర్తు. తాతల నాడు అన్నదమ్ములు విడిపోయినప్పుడు అలా అనుకున్నారు. ఉచ్చు మీద గానీ, పడవ మీద గానీ, వామి మీద గానీ ఇంటి గుర్తు ఉంటే వోర్యు ఏటి పొడుగునా దాని మీద ఎవరూ చెయ్యి వెయ్యరు. గుర్తును చెరిపినవాణ్ణి ఉల్యా ఇన్నేళ్లలో చూడలేదు. చిన్నింటి పెదోర్ కూడా చెరపలేదు. ఒక్క దెబ్బ కలిపాడు.

ఆమె వామి చుట్టూ తిరిగింది. అన్ని గుంజల మీదా కలిపాడు. తొందరపడకుండా, అన్నీ ఒకే లోతులో.

వోర్యు పెద్ద ఏరేం కాదు. ఉత్తరాన నాచు చిత్తడిలో, ఇదిగో ఇక్కడ అని వేలు పెట్టి చూపించలేని చోట పుడుతుంది. టీ రంగు నీళ్లు. దేవదారు అడవిలో అటూ ఇటూ తిరిగి, ఊరి దగ్గరకు వచ్చి, పెచోరా నదిలో కలవబోయే ముందు ఒక పెద్ద వంపు తీసుకునేది. గుర్రం మెడపట్టెలా ఉండేదని ఆ వంపును మెడపట్టె అనేవాళ్లు. దాని నడుమ పచ్చిక పెద్దింటిది. సన్నటి నేల ఒకటి ఆ పచ్చికను ఊరి ఒడ్డుకు కలిపి ఉంచేది. ఈ వసంతంలో విరిగిన మంచు కొట్టుకొస్తూ వంపులో అడ్డం పడింది. వెనకాల నీళ్లు లేచాయి. తెల్లవారేసరికి ఏరు ఆ సన్నటి నేలను కోసేసి తిన్నగా పారుతోంది. పాత వంపు కదలని నీళ్లతో చెరువులా మిగిలింది. ఉల్యా పచ్చిక ఉన్నచోటే ఉంది. ఏరే ఇవతలికి వచ్చి, ఊరికీ పచ్చికకీ మధ్యన పడింది.

ఆమె పడవ దగ్గరకు నడిచింది. ఒడ్డు వెంట మంచుపలక అప్పటికే మొదలైంది. తెడ్డుతో పగలగొట్టుకుంటూ దాటాల్సి వచ్చింది. ఈ ఏడాదికి పడవలో దాటడం అదే ఆఖరు.

పెదోర్ తన వాకిట్లో మంచుబండిని బోర్లించి, అరిగిన జారుడుపట్టెకు భూర్జకర్ర మేకు దిగ్గొడుతున్నాడు. ఉల్యా చనిపోయిన భర్త ఇగ్నాత్‌కు తమ్ముడి వరస. ఆమెను చూసి లేవలేదు గానీ, సుత్తి పక్కన పెట్టాడు. లోపలికొచ్చి టీ తాగమన్నాడు. ఉల్యా నిలబడే ఉంది.

"గుంజల మీద నీ గొడ్డలి పడింది," అంది.

"పడింది వదినా."

"అది నేను కోసిన గడ్డి."

"కోశావు. కాదన్నానా? ఎవరి ఒడ్డున కోశావనేదే మాట." అతను మేకును బొటనవేలితో నొక్కి చూశాడు. "ఊరి ఒడ్డు పెద్దింటికి, అడవి ఒడ్డు చిన్నింటికి. మధ్యలో ఏరు. తాతలు చెప్పుకున్నది ఇంతేగా."

"ఏరు ఒక్క రాత్రిలో లేచి నడుస్తుందని తాతలకు తెలుసా?"

"తెలీదేమో. అది వాళ్లనడుగు." అన్నాక కాస్త మెత్తబడ్డాడు. "నా దిగువ పచ్చిక మీద మోకాలెత్తు ఇసుక పోసింది. చూశావుగా. నీది తెచ్చి నా ఒడ్డున పెట్టింది. ఇందులో నేను చేసిందేముంది? ఏరు చేసింది."

 అతని మాటలో అబద్ధం లేదు. ఇసుక నిజమే. అతని కొట్టంలో ఆవు, రెండు పెయ్యలు, గుర్రం ఉన్నాయి. ఆమె కొట్టంలో ఒక్క ఎర్రావు. గోర్ద్ అని పిలుస్తుంది. వసంతానికి ఈనుతుంది. ఇంట్లో ఉన్న గడ్డి నడి చలికాలం దాకా రాదు. ఆ తర్వాత కత్తికే, కడుపులో దూడతో సహా.

ఆమె వెనక్కి తిరిగింది. పెదోర్ వెనకనుంచి, ఏదో గుర్తొచ్చినట్టుగా, ఇంకో మాట అన్నాడు.

"అయినా తోలుకురావడానికి నీకు గుర్రమేదీ?"

నిజమే, లేదు. ఇగ్నాత్ పోయాక ప్రతి చలికాలమూ ఆమె గడ్డిని పెదోరే తన గుర్రంతో తెచ్చి పడేసేవాడు. ఆమె అతనికి ఉన్ని మేజోళ్లు అల్లి ఇచ్చేది.

ఊళ్లో పెద్దవాడు మిత్రేయ్ తాత. ఉల్యా అతని దగ్గరకూ వెళ్లింది. ముసలాయన పొయ్యి పక్కన వల అల్లుకుంటూ అంతా విన్నాడు. తాతల మాట మాటే అన్నాడు. ఇంటి గుర్తు గుర్తే అన్నాడు. రెండూ నిజమైతే ఎలా అని ఉల్యా అడిగితే, వల ముడి బిగించి చాలాసేపు చూసుకున్నాడు. తర్వాత ఇంకో ఇద్దరు ముగ్గురితో కూడా మాట్లాడి చూసింది. అందరూ పాపమన్నారు. తీర్పు మాత్రం ఎవరూ చెప్పలేదు. వచ్చే వసంతంలో ఏరు ఎవరి పచ్చిక మీదికి వస్తుందో ఎవరికి తెలుసు?

చలి ఒక్కసారిగా దిగింది. ఏరు మూతపడింది. దాని మీద మంచు కురిసి ఈ ఒడ్డునుంచి ఆ ఒడ్డుదాకా ఒకే తెలుపైపోయింది.

ఏటి మీద దారి గుర్తులు పెట్టే పని పెద్దింటిది. ఇగ్నాత్ తండ్రి పెట్టేవాడు, తర్వాత ఇగ్నాత్, ఇప్పుడు ఉల్యా. గునపంతో పొడిచి చూసుకుంటూ ఆవలికి నడవాలి. బరువు ఆగే చోట దేవదారు మొక్కలు జతలుగా నిలబెట్టాలి. వాటి మధ్య దారి. ఆగని చోట మొక్కను అడ్డంగా పడుకోబెట్టాలి. గుర్తులు పడ్డాక ఏటిని ఇంకెవరూ పొడిచి చూడరు. చూస్తే గుర్తు పెట్టినవాళ్లను అబద్ధాలకోరులనడమే. అందుకే గడ్డితో మొదటి బండి గుర్తు పెట్టినవాళ్లే తోలాలి. ఆ బండిలోది ఎవరిదైనా, దాటాక తోలినవాళ్లదే. ఇగ్నాత్ ఆ గడ్డిని ఎప్పుడూ సొంతదారు కొట్టంలోనే దించేవాడు గనక ఆ సంగతి ఎవరికీ పెద్దగా గుర్తు రాలేదు.

ఉల్యా ముందు పాతదారికి వెళ్లింది. అది మెడపట్టెకు దిగువన, వంపులన్నీ తిరిగి అలసిన ఏరు మడుగై నిలిచే చోటు. తాతలనాటినుంచీ దాటేది అక్కడే. ఒడ్డు దగ్గర గునపం దెబ్బ రాయికి తగిలినట్టు ఆగింది. ఇంకొంచెం ముందుకు నడిచింది. దెబ్బ చప్పుడు మారింది. ఖాళీ పీపా మీద కొట్టినట్టుంది. మరో నాలుగడుగులకు ఒక్క పోటుకే గునపం దిగిపోయింది. చిల్లులోంచి నీళ్లు గోధుమరంగుగా పైకొచ్చి మంచును తడిపాయి.

ఆమె కదలకుండా నిలబడి విన్నది. కాళ్ల కింద నీళ్లు నడుస్తున్నాయి. వంపు తెగిన ఏరు ఇప్పుడు తిన్నగా వచ్చి ఈ మడుగులోనే పడుతోంది. కిందనుంచి పలకను నాకుతోంది. పైన మాత్రం మంచు ఎప్పటిలాగే సమంగా, నున్నగా ఉంది. చూసేవాడికేమీ తెలియదు.

అడుగులో అడుగు పెట్టుకుంటూ వెనక్కి వచ్చింది. ఒడ్డున కూర్చుంది.

ఇక్కడేమీ పెట్టకుండా ఇంటికి పోతే? అబద్ధం ఆడక్కర్లేదు. ఒక్క మొక్క తప్పుగా నిలబెట్టక్కర్లేదు. అడ్డం పెట్టకపోతే చాలు. మిగతావాళ్లు గుర్తులకోసం ఆగుతారు. పెదోర్ ఆగడు. ప్రతి ఏడూ అందరికన్నా ముందు బయల్దేరేది అతనే.

కళ్లు మండించే చలి. ఆమె కనురెప్పల మీద తెల్లటి పొడి పేరుకుంది. చివరికి లేచి, గట్టు మీద ఒక మొక్కను నరికి, పాతదారికి అడ్డంగా పడుకోబెట్టింది. కొమ్మల మీద మంచు తోసి బరువు పెట్టింది. తర్వాత ఎగువకు, ఏరు ఇంకా చిత్తడిలోంచి బద్ధకంగా వచ్చే చోటుకు నడిచి, అక్కడ పొడుచుకుంటూ దాటి, జతలు జతలుగా నిలబెట్టుకుంటూ వచ్చింది. అది చుట్టుదారి. చీకటి పడబోయేసరికి పని అయిపోయింది.

మర్నాడు పొద్దున్నే గుర్రాలున్నవాళ్లు ఖాళీ బండ్లతో కొత్త గుర్తుల మధ్యగా అడవి ఒడ్డుకు చేరారు. ఉల్యా నడిచే వెళ్లింది. ఆమె వామి దగ్గర పెదోర్ అప్పటికే పైపొర మంచు దులుపుతున్నాడు. అతని నల్లగుర్రం స్యోద్ ముక్కు రంధ్రాల చుట్టూ తెల్లటి గడ్డం కట్టింది.

మిత్రేయ్ తాత తన బండి దిగి, ఎటునుంచి వచ్చావని అతన్ని అడిగాడు. పెదోర్ దిగువకు తల ఊపాడు.

"పాతదారినుంచే. గుర్రంతో, బండితో. కిర్రుమని కూడా అనలేదు."

"అడ్డంగా మొక్క లేదూ?"

"ఉంది. బండి అడుగున పరిచాను. మంచి మెత్త."

ఎవరూ నవ్వలేదు. పెదోర్ గడ్డి పంగను మంచులో గుచ్చి ఉల్యా వైపు తిరిగాడు. పాతదారి రాయిలా ఉందని, దాన్ని మూసి తనను చుట్టూ తిప్పి ఎగువకు పంపడంలో వదిన మనసులో ఏముందో ఊరికి తెలియనిదేం కాదని అన్నాడు. కోపంగా కూడా అనలేదు. వాతావరణం సంగతి చెప్పినట్టు చెప్పాడు.

 ఆ ఒడ్డున తను కూర్చున్న కాసేపూ ఈ మనిషి పక్కనే ఉండి చూసినట్టు ఉల్యాకు అనిపించింది.

మిత్రేయ్ తాత చెవులమీదికి టోపీ లాక్కుని, అయితే ఇంకేం, మొదటి బండి ఆమే తోలుతుంది, ఎప్పుడూ ఉన్నదేగా అన్నాడు. ఆమెకు గుర్రం లేదు గనక ఎప్పటిలాగే పెదోర్ గుర్రమే కావాలి.

"తోలనీ," అన్నాడు పెదోర్. "దాటితే ఆ బండెడూ ఆమెనే ఉంచుకోమను. గుర్రం మునిగిందో, ఆమె ఆవు నాది."

"ఆ ముసలావుకన్నా నీ గుర్రమే బాగా పాలిస్తుందిరా," అన్నాడు తాత. ఈసారి ఇద్దరు నవ్వారు.

ఉల్యా పంగ అందుకుంది. వామి ఒక కొసనుంచి విప్పి బండికెత్తడం మొదలుపెట్టింది. మూలలు ముందు నింపి, మధ్యలో తొక్కి, మళ్లీ మూలలు. గడ్డిలోంచి వేసవి వాసన వచ్చింది. ఎప్పుడూ వేసే ఎత్తుకు వచ్చాక ఆగి, ఊపిరి పీల్చుకుంది. తర్వాత మళ్లీ ఎత్తింది.  పంగ పైకి లేచిన ప్రతిసారీ అది గోర్ద్‌కు ఒక మేత, మంచుపలక మీద ఒక బరువు. ఆమెకూ తెలుసు, అక్కడున్న అందరికీ తెలుసు. చాలు అని ఎవరైనా అంటారేమోనని చూసింది. అనలేదు. పెదోర్ గుర్రం వైపే చూస్తున్నాడు.

చివరికి ఆమే ఆపింది. ఖాళీ అయిన కొసన నిలిచిన గుంజను అటూ ఇటూ ఆడించి పెరికి, గడ్డి జారకుండా నొక్కిపెట్టే కర్రగా దాన్నే బండి పొడుగునా పడేసి, ముందూ వెనకా తాడుతో బిగించింది. నాలుగు గాట్లూ పైకి కనబడుతున్నాయి. బండెక్కి కూర్చుని కళ్లెం వదులు చేసింది.

ఒడ్డు దిగేటప్పుడు పలక ఒకసారి పాడింది. పొడుగాటి, సన్నటి చప్పుడు ఏటి మీద ఎగువకు పోయి ఎక్కడో ఆగింది. స్యోద్ చెవులు వెనక్కి పెట్టింది. ఉల్యా దాన్ని అదిలించలేదు, ఆపలేదు. ఏటి నడుమకు వచ్చేసరికి బండి కింద పలక కుంగడం నడుముకు తెలిసింది. గుర్రం డెక్కల గుంటల్లో నీళ్లు ఊరాయి. వెనక్కి తిరిగి చూడకుండా కూర్చుంది. ఆవలి ఒడ్డున కటకటమని పట్టె రాళ్లకు తగిలినప్పుడు చేతులను గడ్డిలోకి దూర్చింది.

అవతలనుంచి మిత్రేయ్ తాత, పలకను మధ్యాహ్నందాకా సేద తీరనివ్వాలని కేకేసి చెప్పాడు. అంతదాకా బండ్లు కదలవు. తర్వాత అతని గొంతే మళ్లీ వినబడింది.

"ఏం పెదోర్, గుర్తుల మధ్యన నడుస్తావా, బాతులా ఈదుకుంటూ వస్తావా?"

నవ్వులు వినబడ్డాయి. పెదోర్ జవాబేమన్నాడో వినబడలేదు.

ఊరు దిగువన ఉంది. ఉల్యా గట్టు వెంట బండి తోలుకుంటూ పోయింది. మెడపట్టె పొదలు దాటాక ఎగువ మనుషులు కనబడటం మానేశారు. పాతదారి రేవు దగ్గరకు వచ్చేసరికి అవతలి ఒడ్డున ఒక్క మనిషి దిగుతున్నాడు. భుజాన పంగ. పెదోర్.

ఆమె గుర్రాన్ని ఆపింది.

అతనూ ఆమెను చూశాడు. చూసి, ఇంకా నిటారుగా నడిచాడు.

"పెదోర్, వెనక్కి పో," అంది ఉల్యా. అరవక్కర్లేదు. చలిలో మాట ఏటి మీద బాగా సాగుతుంది.

"పొద్దున గుర్రంతో దాటాను వదినా."

"పొద్దున దాటావు కాబట్టే."

అతను ఇంకో అడుగు వేశాడు. మరొకటి. చప్పుడేమీ కాలేదు. ఉన్న మనిషి నడుం దాకానే ఉన్నాడు. తర్వాత చంకల దాకా. పంగ మంచు మీద పడి జారింది. చేతులతో అంచు పట్టుకున్నాడు, అంచు విరిగింది. మళ్లీ పట్టుకున్నాడు. కింద నీళ్లు అతని కాళ్లను పలక కిందికి లాగుతున్నాయని భుజాలు వాలిన తీరులో తెలుస్తోంది.

ఉల్యా తాడు విప్పింది. ముడి గడ్డకట్టింది. పళ్లతో లాగింది. గుంజ చేతికొచ్చింది, పై గడ్డి పక్కకు జారిపోయింది. గుంజతో పలక మీదికి దిగి, కొంతదూరం నడిచి, కొంతదూరం పాకి, ఇక ముందుకు పోకూడదని ఒంటికి తెలిసినచోట బోర్లా పడుకుంది. గుంజ కొన అతని చేతికి బారెడు దూరంలో ఉంది. నెడితే అందుతుంది.

గాట్లున్న వైపు ఆమె ముఖం ముందుంది. మూడు నల్లవి, ఒకటి తెల్లది.

ఆమె నెట్టలేదు.

వెనక ఒడ్డు మీద గుర్రం జారిన గడ్డిని నములుతున్న చప్పుడు వినిపించింది. పెదోర్ ఆమెనే చూస్తున్నాడు. టోపీ పోయింది, జుట్టు గట్టిపడుతోంది. పిలవలేదు. బతిమాలలేదు. ఆమె ఏం చేస్తోందో అతనికి అర్థమైంది. అర్థమైనట్టు ఆమెకూ అర్థమైంది.

తర్వాత గుంజ ముందుకు పోయింది.

అతన్ని తన పొయ్యి దగ్గరే కూర్చోబెట్టింది. ఇగ్నాత్ దూది కోటు, ఉన్ని బూట్లు ఇచ్చింది. వేడి టీలో సారా పోసి ఇచ్చింది. వణుకు తగ్గాక లేచి, గుర్రాన్ని తీసుకుని వెళ్లిపోయాడు. వెళ్లేముందు బండిలోని గడ్డి దించడానికి ఆమెతోపాటు అతను కూడా చెయ్యివేశాడు. ఇద్దరూ మాట్లాడుకోలేదు.

ఊళ్లో మాత్రం అతను మాట్లాడాడు. వదిన ఒంటిచేత్తో తనను ఏట్లోంచి లాగిందని, తను మూర్ఖుడినని అందరితో చెప్పాడు. రొట్టెల దుకాణంలో ఆడవాళ్లు ఉల్యాకు ముందు చోటిచ్చారు. మిత్రేయ్ తాత ఎదురొచ్చి టోపీ తీశాడు. ఆమె రొట్టె తీసుకుని తల వంచుకుని వచ్చేసింది. సిగ్గరి అనుకున్నారు.

ఆ వారంలోనే ఒక పొద్దున వాకిట్లో గుర్రం చప్పుడైంది. పెదోర్. ఎగువ గుర్తుల మధ్యగా వచ్చాడు. బండి నిండా వామిలో మిగిలిన గడ్డి. అడక్కుండానే కొట్టం అటకకు ఎత్తిపోయడం మొదలుపెట్టాడు. ఆమె గడపలో నిలబడి చూసింది. వద్దనాలని నోటిదాకా వచ్చింది. గోర్ద్ లోపల అరిచింది.

"నీ పశువులకో?" అంది చివరికి.

"పెయ్యలు రెండింటినీ కోశాం. నీకూ ఓ తొడ పంపిస్తుంది మా ఆవిడ."

మిగతా గడ్డి కూడా ఎత్తేశాడు. బండి ఊడ్చి, పంగను తాళ్ల కిందకు దోపి, కళ్లెం చేతికి చుట్టుకున్నాడు. వెళ్లబోతూ ఆగాడు.

"వదినా."

"ఊఁ."

"అక్కడ నువ్వు ఆగావు."

ఉల్యా కొప్పు మీది రుమాలు సర్దుకుంది. అబద్ధానికి చోటు లేదు. ఉన్నా ఆడేది కాదు.

"ఆగాను," అంది.

పెదోర్ తలూపాడు. సంతలో సరుకు బరువు తాను అనుకున్నంతే ఉందని తేలినవాడిలా ఊపాడు.

"ఊళ్లో చెప్పలేదు."

"తెలుసు."

"చెప్పను కూడా."

అతను గుర్రాన్ని అదిలించాడు. బండి గేటు దాటి, వాలు దిగి, ఏటి వైపుకు కాకుండా ఊళ్లోకి తిరిగింది. పట్టెల చప్పుడు చాలాసేపు వినబడింది.

గుంజ ఇంకా కొట్టం గోడకు ఆనించే ఉంది. ఉల్యా గొడ్డలి తెచ్చింది. నాలుగో గాటు దగ్గర అంచు ఆనించి, చెక్కేద్దామని చూసింది. ఒక్క దెబ్బ పని. మంచు సన్నగా పడుతోంది. గొడ్డలిని పక్కన పెట్టింది. గుంజను కొట్టం తలుపు కొలతకు కోసి, లోపలివైపునుంచి అడ్డగడియగా అమర్చింది. గాట్లు ఎవరికీ కనబడకుండా ఆవు వైపుకు తిప్పింది.

తర్వాత ఒక చంకెడు గడ్డి తీసి గోర్ద్ ముందు వేసింది. ఆవు వాసన చూసి, తినడం మొదలుపెట్టింది.